తేలికపాటి విల్లుతో వేట: చెక్క బాణాలు కొనాలా, కార్బన్ బాణాలు కొనాలా?

నా తీర్పు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. మీరు లాగే పొడవు దగ్గర మీ విల్లు లాగే బరువు (డ్రా వెయిట్) 42 పౌండ్ల లోపే ఉండి, దానితో టార్గెట్ సాధన మాత్రమే కాకుండా నిజంగా వేటకే వెళ్దామనుకుంటే కార్బన్ బాణాలు తీసుకోండి, ముందు వైపు బరువు బాగా పెట్టి కట్టుకోండి. 45 పౌండ్లు దాటితే చెక్క బాణాలతో ఏ భయమూ లేకుండా వెళ్లొచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్ల సంగతి వాళ్ల ఓపికను బట్టి ఉంటుంది, విల్లును బట్టి కూడా ఉంటుంది, కింద చెబుతాను. చెక్క బాణమంటే నాకు ప్రేమ లేక ఈ మాట అనడం లేదు. సాధనకు ఇప్పటికీ నేను ఎక్కువగా వాడేది చెక్కే. కానీ జంతువు మీదికి వదిలే బాణం విషయంలో ఇష్టానికి రెండో స్థానమే.

"మీరు లాగే పొడవు దగ్గర" అన్న మాట ఊరికే అనలేదు. విల్లు మీద రాసి ఉండే బరువు 28 అంగుళాల డ్రా (తాడు లాగిన పొడవు) దగ్గర కొలిచింది. చాలామంది లాంగ్‌బోని (పొడవాటి సాదా విల్లుని) గానీ రికర్వ్‌ని (కొసలు అవతలికి వంగిన విల్లుని) గానీ అంత పొడవు లాగరు, 26, 27 దగ్గరే ఆగిపోతారు. ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు తేడా వస్తుంది కాబట్టి 40 అని రాసి ఉన్న విల్లు మీ చేతిలో 35 మాత్రమే కావచ్చు. కింద చెప్పే లెక్కలన్నీ ఈ అసలు బరువు మీదే ఆధారపడి ఉంటాయి, అందుకని ముందు ఒక స్కేలుతో మీ డ్రా పొడవు దగ్గర కొలిపించుకోండి. వేటకు అనుమతి ఉన్న చాలా చోట్ల కనీస డ్రా వెయిట్ ఇంత ఉండాలని నిబంధన ఉంటుంది, 35 అనో 40 అనో. కొన్నిచోట్ల బ్రాడ్‌హెడ్ (పదునైన బ్లేడ్లుండే వేట ములికి) వెడల్పుకీ కనీస కొలత ఉంటుంది. అవి చూసుకోకుండా బాణాల గురించి బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ.

తేలికపాటి విల్లుకి అసలు లోటు ఎక్కడ?

60 పౌండ్ల కాంపౌండ్ విల్లు (కప్పీలుండే ఆధునిక విల్లు) 420 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) బాణాన్ని సెకనుకు 270 అడుగుల వేగంతో పంపిందనుకోండి, దాని శక్తి 68 ఫుట్ పౌండ్లు. 40 పౌండ్ల రికర్వ్ 400 గ్రెయిన్ల బాణాన్ని 165 అడుగుల వేగంతో పంపితే 24 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు మూడో వంతు. కాంపౌండ్ వాడేవాడు బాణం కొంచెం పక్కకి ఊగుతూ వెళ్లినా, బ్రాడ్‌హెడ్ పదును కాస్త తగ్గినా బయటపడిపోతాడు, ఎందుకంటే వాడి దగ్గర పారబోసుకునేంత శక్తి ఉంది. మన దగ్గర అలా మిగిలేది ఏమీ లేదు. ఉన్న 24 లోంచి బాణం వంకరగా తగలడం వల్ల కొంత, షాఫ్ట్ (బాణం కర్ర) రాపిడి వల్ల కొంత, వెడల్పాటి బ్లేడు వల్ల కొంత పోతే లోపలికి దిగడానికి మిగిలేది ఇంకా తక్కువ. చెక్కా కార్బనా అన్న ప్రశ్నని నేను చూసేది ఈ కోణం నుంచే: ఏ బాణంతో నా విల్లు నుంచి బయటికొచ్చే కొద్దిపాటి శక్తి తక్కువ వృథా అవుతుంది, పైగా ప్రతి బాణానికీ ఒకేలా?

కాబట్టి వేగం వెంట పడకండి. ఇదే విల్లుకి 500 గ్రెయిన్ల బాణం పెడితే వేగం 152 దాకా పడిపోతుంది, కానీ శక్తి 24 నుంచి దాదాపు 25.7కి పెరుగుతుంది, ఎందుకంటే బరువైన బాణం విల్లులోని శక్తిని ఎక్కువగా గుంజుకుంటుంది. ద్రవ్యవేగం, అదే మొమెంటమ్, ఇంకా ఎక్కువ పెరుగుతుంది, 15 శాతం దాకా. విల్లు చప్పుడు తగ్గుతుంది, చేతికి అదురు తగ్గుతుంది. మన వేగాల్లో బాణం 15 గజాలు వెళ్లడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది, చప్పుడు మాత్రం అంతకంటే ఎన్నో రెట్లు ముందే జంతువు చెవిన పడుతుంది. అందుకే తేలిక విల్లు వేటలో నిశ్శబ్దం అనేది విలాసం కాదు.

అలాగని బరువు పెంచుకుంటూ పోతే బాణం దారి మరీ వంపు తిరుగుతుంది. 165 అడుగుల వేగంతో వెళ్లే బాణానికీ 150తో వెళ్లేదానికీ 20 గజాల దగ్గర పడే ఎత్తులో 5 అంగుళాల పైచిలుకు తేడా ఉంటుంది. 15 గజాల దగ్గర అదే తేడా 3 అంగుళాలే. 15 దాటి వేయనని మీకు మీరు హద్దు పెట్టుకుంటే బరువైన బాణం లాభమే, దూరం సరిగ్గా అంచనా వేయలేక 25 గజాల దాకా ప్రయత్నిస్తానంటే ఏ బాణమూ మిమ్మల్ని కాపాడదు. పౌండుకి 10 నుంచి 12 గ్రెయిన్లు అనేది తేలిక విల్లుకి నాకు నచ్చిన పరిధి. 40 పౌండ్లకి 400 నుంచి 480 అన్నమాట. 8 కంటే కిందికి వెళ్లకండి. చాలా సంప్రదాయ విల్లులకి తయారీదారులు పెట్టే కనీస హద్దు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, మరీ తేలిక బాణం విల్లు లింబులకే (వంగే రెండు చేతులకే) చేటు.

బరువు లెక్కలో ఏది నెగ్గుతుంది?

చెక్క బాణం గొప్పతనం ఏంటంటే, ఏమీ ఆలోచించకుండా కట్టినా బరువు సరైన చోటికే వచ్చి చేరుతుంది. 29 అంగుళాలకి కోసిన సిడార్ షాఫ్ట్ సుమారు 270 గ్రెయిన్లు అనుకుందాం. 125 గ్రెయిన్ల ములికి, ఈకలు, నాక్ (బాణం వెనక కొసన తాడు పట్టే గాడి) కలిపి ఇంకో 20. మొత్తం 415. 40 పౌండ్ల విల్లుకి పౌండుకి 10 దాటింది. కొత్తవాళ్లకి ఇది చాలా పెద్ద రక్షణ, ఎందుకంటే తప్పు చేయడం కష్టం.

కార్బన్‌లో తప్పు చేయడం చాలా తేలిక. అంగుళానికి 7 గ్రెయిన్లుండే షాఫ్ట్ 29 అంగుళాలకి 203 గ్రెయిన్లు. మామూలు అల్యూమినియం ఇన్సర్ట్ (ములికి బిగించడానికి షాఫ్ట్ కొసలో అమర్చే ముక్క) 12, ములికి 100, ఈకలు, నాక్ కలిపి 20. మొత్తం 335. పౌండుకి 8.4 మాత్రమే, విల్లు టపటపమని మోగుతుంది, బాణం చురుగ్గానే పోతుంది కానీ జంతువులో దిగేటప్పుడు దమ్ము చాలదు. షాపులో రెడీగా కట్టి అమ్మే కార్బన్ బాణాలు ఎక్కువగా ఈ బాపతువే. "కార్బన్ తేలిక, వేటకు పనికిరాదు" అనే మాట ఎక్కువగా ఇలాంటి బాణాలు వాడినవాళ్ల నోటే వింటాం.

అదే షాఫ్ట్‌కి 50 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్, 200 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ పెట్టండి. మొత్తం 473. పౌండుకి 11.8. పైగా పెరిగిన బరువంతా కొసనే ఉంది. బాణం సమతూకం కుదిరే బిందువు మధ్య నుంచి ఎంత ముందుకి జరిగిందో మొత్తం పొడవులో శాతంగా చెప్పే లెక్కని ఎఫ్ఓసీ అంటారు కదా, ఈ బాణానికి అది 25 శాతం దగ్గర ఉంటుంది. పైన చెప్పిన సిడార్ బాణానికి 13 లోపే. ముందు బరువున్న బాణం విల్లు నుంచి బయటపడ్డాక త్వరగా కుదురుకుంటుంది, తగిలాక తోక పక్కకి తన్నకుండా ములికి వెనకాలే నడుస్తుంది. ఇక్కడే నా తీర్పు కార్బన్ వైపు మొగ్గింది. ఒకే మొత్తం బరువుతో రెండు బాణాలు కట్టినా, ఆ బరువు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కార్బన్‌లోనే ఎక్కువ.

చెక్కలో కూడా 160, 190 గ్రెయిన్ల ములుకులు దొరుకుతాయి, వాటితో 16, 18 శాతం దాకా లాగొచ్చు. కానీ ముందు బరువు పెంచిన కొద్దీ షాఫ్ట్ మెత్తగా ప్రవర్తిస్తుంది, దాన్ని సరిచేయడానికి గట్టి స్పైన్ (షాఫ్ట్ వంగకుండా నిలిచే గట్టిదనం) కావాలి, గట్టి స్పైన్ చెక్కలో అంటే సాధారణంగా లావైన, బరువైన కర్ర. బరువు మళ్లీ వెనక్కి పాకుతుంది. కార్బన్‌లో ఈ చక్రం లేదనను, చాలా తక్కువ.

ముందు బరువు గురించి వెతికితే ఎడ్ ఆష్బీ పేరు ఎదురవకుండా ఉండదు. 1980లలో దక్షిణాఫ్రికాలో మొదలుపెట్టి బాణాలు జంతువుల్లోకి ఎలా దిగుతాయో ఏళ్ల తరబడి పరీక్షించిన మనిషి. లావు ఎముకని చీల్చడానికి 650 గ్రెయిన్లు అనే గీత ఆయన దగ్గర నుంచే వచ్చింది. దాన్ని పట్టుకుని 40 పౌండ్ల విల్లుకి 650 గ్రెయిన్ల బాణం కట్టేవాళ్లు ఉన్నారు, నా దృష్టిలో అది అతి. జింక సైజు జంతువుకి, భుజం ఎముక తప్పించి పక్కటెముకల మధ్య వేసేవాళ్లకి అంత అవసరం లేదు. ఆయన చెప్పినవాటిలో తేలిక విల్లువాళ్లు పట్టుకోవలసింది వేరే ఉంది: బాణం విరగకూడదు, తిన్నగా ఎగరాలి, మిగతావన్నీ వీటి తర్వాతే.

స్పైన్, అసలు తలనొప్పి

రెండింటి స్పైన్‌నీ కొలిచే పద్ధతులే వేరు, అందుకే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేవాళ్లు తికమక పడతారు. చెక్క షాఫ్ట్‌ని 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 2 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు వంగిందో ఆ సంఖ్యతో 26ని భాగిస్తే వచ్చేదే పౌండ్లలో స్పైన్. 0.52 అంగుళాలు వంగితే 50 పౌండ్లు, 0.65 వంగితే 40. కార్బన్‌కి ఆధారాల మధ్య 28 అంగుళాలు, బరువు 1.94 పౌండ్లు, వంగిన కొలతే నేరుగా పేరు: 0.500 అంగుళం వంగితే 500, 0.600 వంగితే 600. ఎడం ఎక్కువ కాబట్టి ఒకే కర్ర కార్బన్ పద్ధతిలో ఎక్కువ వంగినట్టు కనిపిస్తుంది. లెక్క కడితే 600 కార్బన్ సుమారు 52 పౌండ్ల చెక్కతో సమానం. కార్బన్ అంకెతో 26ని నేరుగా భాగించి 43 అని అనుకుంటే దాదాపు రెండు మెట్లు తప్పుతారు, ఎందుకంటే చెక్క షాఫ్ట్‌లు 40-45, 45-50 అంటూ 5 పౌండ్ల మెట్లలో అమ్ముతారు.

చెక్కకి వాడుకలో ఉన్న సూత్రం 28 అంగుళాల బాణం, 125 గ్రెయిన్ల ములికి ఆధారంగా చెప్పింది. విల్లు బరువెంతో అంత స్పైన్‌తో మొదలుపెట్టి, బాణం అంగుళం పెరిగితే 5 పౌండ్లు కలపండి, ములికి 25 గ్రెయిన్లు పెరిగితే ఇంకో 5. అల్లెతాడు డాక్రాన్ కాకుండా సాగని ఫాస్ట్‌ఫ్లైట్ రకమైతే ఇంకో 5. విల్లు కిటికీ (పిడి పైన బాణం ఆనే కోత) మధ్య దాకా కోసి ఉండకపోతే తగ్గించాలి. ఈ చివరి ముక్క చాలామంది పట్టించుకోరు, తేలిక విల్లు దగ్గర అదే ముఖ్యం. ఆధునిక రికర్వ్‌లో బాణం పెట్టే చోటు మధ్య గీత దాకా, ఒక్కోసారి దాటి కూడా కోసి ఉంటుంది కాబట్టి బాణం పెద్దగా వంగి తిరగాల్సిన పని లేదు, కాస్త గట్టి బాణమైనా పోతుంది. పాతకాలపు లాంగ్‌బో, ఒకే చెక్కతో చేసిన సెల్ఫ్‌బో అలా కాదు, పిడి చుట్టూ బాణం వంగి తిరిగి వెళ్లాలి. 38 పౌండ్ల సెల్ఫ్‌బోకి సరిపడా మెత్తని కార్బన్ దొరకడం కష్టం, దొరికినా అది మరీ తేలికగా ఉంటుంది. అలాంటి విల్లుకి నేను కూడా చెక్కే అంటాను, 42 లోపైనా సరే. మొదట చెప్పిన తీర్పుకి ఇది ఒక్కటే పెద్ద మినహాయింపు.

ముందు బరువు ఎక్కువ పెట్టే 40 పౌండ్ల రికర్వ్‌కి నేను 500 కార్బన్‌తో మొదలుపెట్టి, పూర్తి పొడవు ఉంచి, కొద్దికొద్దిగా కోసుకుంటూ రమ్మంటాను. 35 పౌండ్లైతే 600. ఈకలు లేని షాఫ్ట్‌ని 10, 15 గజాల నుంచి, ఈకలున్నవాటితో కలిపి వేయండి. కుడిచేతి వాటం వాళ్లకి ఈకల్లేనిది ఎడమకి పడితే గట్టి, కుడికి పడితే మెత్తన. మెత్తగా ఉంటే పావు అంగుళం చొప్పున కోస్తూ పోండి, గట్టిగా ఉంటే ములికి బరువు పెంచండి. కార్బన్‌తో ఈ పని ఒక సాయంత్రంలో అయిపోతుంది, పైగా ఒక్క బాణానికి కుదిరితే డజనుకీ కుదిరినట్టే.

చెక్కతో అలా కుదరదు. ఈకల్లేని చెక్క బాణం అడ్డంగా తగిలి విరిగే ప్రమాదం ఎక్కువ, ములికి ఏటవాలు చెక్కి అంటిస్తారు కాబట్టి మాటిమాటికీ కోసి చూడటం కూడా పెద్ద పని. అందుకని డజను ఒకే స్పైన్‌లో కొనేయకుండా 35-40, 40-45, 45-50 ఒక్కోటి రెండేసి తెప్పించుకుని, ఈకలు కట్టి, మీ పొడవుకి కోసి వేసి చూడండి. ఏది పక్కలకి ఊగకుండా పోతుందో ఆ మెట్టులో డజను కొనండి. డజను వచ్చాక మళ్లీ తూకం వేయాలి. ఒకే కట్టలో 30, 40 గ్రెయిన్ల తేడా ఉండటం మామూలే, వాటిలో 10 గ్రెయిన్ల లోపు తేడాతో ఉన్నవి ఏరి వేటకు పక్కన పెట్టుకోవాలి. డజనులో ఐదారు మిగిలితే సంతోషించండి, మిగతావి సాధనకి.

చెక్క ఎంచుకుంటే చూడాల్సినవి

సిడార్ అని అందరూ అనేది పోర్ట్ ఆర్ఫర్డ్ సిడార్, అమెరికాలో ఆరెగాన్ నైరుతి మూల, కాలిఫోర్నియా వాయవ్య మూల దాని సొంతగడ్డ. తేలిక, తిన్నగా ఉంటుంది, విరిస్తే మంచి వాసన. డగ్లస్ ఫర్ దానికంటే బరువు, గట్టిది. 40 నుంచి 45 మధ్య విల్లుకి నాకు అదే ఎక్కువ ఇష్టం. సిట్కా స్ప్రూస్ దాని బరువుకి చాలా గట్టిది. హికరీ, యాష్ లాంటివి మహా దృఢం, కానీ బరువు తేలిక విల్లు మోయలేనంత కావచ్చు. తేలిక స్పైన్లకి 5/16 అంగుళం వ్యాసం సరిపోతుంది, 11/32 కాస్త లావు. లావు పెరిగితే దిగేటప్పుడు రాపిడి పెరుగుతుంది, షాఫ్ట్ బ్రాడ్‌హెడ్ మెడ కంటే లావుగా ఉండకూడదు. కార్బన్ ఇక్కడ కూడా సన్నగా ఉండి లాభపడుతుంది.

కర్రలో నార ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా పరిగెత్తాలి. మధ్యలో పక్కకి జారి బయటపడిపోయే నార ఉన్న షాఫ్ట్ వేటకే కాదు, దేనికీ వద్దు, అక్కడే చీలుతుంది. నాక్ గాడి వార్షిక వలయాల గీతలకి అడ్డంగా ఉండాలి, అప్పుడే కర్ర గట్టి వైపు విల్లుకి ఆనుతుంది. పైవైపు కనిపించే నార మొనలు ముందుకి చూసేలా పెట్టడం ఆనవాయితీ, విరిగితే ముక్క చేతిలోకి కాకుండా పైకి పోయేందుకు. రోజూ వేటకు ముందు కంటి ముందు పెట్టి తిప్పి చూడండి. వంకర ఉంటే కాస్త వేడి చూపించి బొటనవేలితో నొక్కితే తిన్నగా అవుతుంది, రెండు రోజుల తర్వాత మళ్లీ వంగుతుంది, మళ్లీ నొక్కాలి. ఇది ఇష్టమైనవాళ్లకి ఆట, ఇష్టంలేనివాళ్లకి శిక్ష.

తేమ చెక్కకి ప్రధాన శత్రువు. ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, పాలీయూరిథేన్‌ గానీ లక్క గానీ రెండు మూడు పూతలు వేయాలి, ముఖ్యంగా కోసిన కొసల దగ్గర, నాక్ కింద. పూత ఎంత వేసినా వారం రోజులు ముసురులో తిరిగితే కొంత తేడా వస్తుంది. తడిగా ఉండే ప్రదేశాల్లో, వర్షాకాలంలో వేటాడేవాళ్లకి ఇది ఒక్కటే చాలు కార్బన్ ఎంచుకోవడానికి. ఈకలు తడిస్తే మాత్రం రెండూ సమానమే. షెల్ఫ్ (బాణం ఆనే పిడి అంచు) మీద నుంచి వేసే విల్లుకి ఈకల బదులు వాడే ప్లాస్టిక్ వేన్లు పనికిరావు కాబట్టి ఆ బాధ ఎలాగూ తప్పదు.

విరగడం, చీలడం

చెక్క బాణం విరిగేది దాదాపు ఎప్పుడూ ఒకేచోట, ములికి వెనక అంగుళం రెండంగుళాల్లో. ఎముకకి తగిలి అక్కడ విరిగితే బ్రాడ్‌హెడ్ ఆగిపోతుంది. అసలే తక్కువ శక్తి, అందులో కొంత విరగడానికి ఖర్చు. ముందు భాగంలో గట్టి కలపని అతికించి చేసే ఫుటెడ్ షాఫ్ట్ దీనికి మంచి విరుగుడు, ఎఫ్ఓసీ కూడా కొంచెం పెరుగుతుంది. చేయడం మాత్రం ఓపికతో కూడిన పని, కొనాలంటే ఖరీదు.

చెక్కకి ఉన్న సుగుణం, దెబ్బ కనిపిస్తుంది. చీలితే చీలినట్టు తెలుస్తుంది, వంచితే చప్పుడవుతుంది. కార్బన్ మోసం చేస్తుంది. రాయికి తగిలి లోపల పొరలు విడిపోయినా పైకి నున్నగానే ఉండొచ్చు. ప్రతిసారీ వేసే ముందు రెండు కొసలూ పట్టుకుని అన్ని వైపులా వంచి చప్పుడు వినండి, మెలితిప్పి చూడండి, దూదితో పొడవునా తుడిస్తే లేచిన పోగు ఉంటే దూది చిక్కుకుంటుంది. అనుమానం వస్తే అక్కడికక్కడే విరిచి పారేయండి, ఎవరికీ ఇవ్వకండి. వదిలేటప్పుడు పగిలిన కార్బన్ షాఫ్ట్ విల్లు పట్టుకున్న చేతిలోంచి దూసుకుపోగలదు. జంతువులో కార్బన్ బాణం విరిగితే ఆ గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేయాలి, సన్నని పోగులు కంటికి కనిపించవు, తింటే ప్రమాదం.

ఈ రెండూ నచ్చకపోతే అల్యూమినియం ఉంది. 1716, 1816 లాంటివి తేలిక విల్లులకి బాగా కుదురుతాయి. మొదటి రెండంకెలు వ్యాసం, 64వ వంతుల్లో. తర్వాతి రెండు గోడ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కొలతలు కచ్చితం, బరువు సరిపోతుంది, ఒక్కసారి వంగితే మాత్రం మునుపటిలా ఉండదు.

బ్రాడ్‌హెడ్ బిగించడం

తేలిక విల్లుకి తాకగానే కోసే రెండు బ్లేడ్ల బ్రాడ్‌హెడ్ తప్ప వేరేది వద్దు, బాణం ఏదైనా. తెరుచుకునే మెకానికల్ రకాలు తెరుచుకోవడానికే మన శక్తిని తినేస్తాయి. వెడల్పు అంగుళం, అంగుళంపావు లోపు చాలు. చేతి మీద వెంట్రుకలు గీసేంత పదును ఉండాలి.

చెక్కకి ములికి వైపు 5 డిగ్రీలు, నాక్ వైపు 11 డిగ్రీలు ఏటవాలు చెక్కి, ములికిని హాట్‌మెల్ట్ (వేడికి కరిగే) జిగురుతో అంటిస్తారు. చెక్కడం కాస్త పక్కకి పోతే ములికి వాలిపోతుంది, బ్రాడ్‌హెడ్ గాలిలో రెక్కలా పనిచేసి బాణాన్ని లాగేస్తుంది. ములికి మొనని గోరు మీద ఆనించి బాణాన్ని బొంగరంలా తిప్పండి, వణుకు తెలిస్తే మళ్లీ వేడిచేసి తిప్పి అతికించాలి. కార్బన్‌లో ఇన్సర్ట్ నిటారుగా కూర్చుంటే చాలు, ములికి మర బిగించేస్తే సరిపోతుంది, సాధన ములికి తీసి అదే బరువు బ్రాడ్‌హెడ్ నిమిషంలో మార్చుకోవచ్చు. అంటించే రకం బ్రాడ్‌హెడ్లు మీ దగ్గర ముందే ఉంటే స్టీలు అడాప్టర్ వేసి కార్బన్‌కి మర బిగించొచ్చు, ఆ అడాప్టర్ బరువు కూడా ముందు వైపే కలిసొస్తుంది.

ఖర్చు సంగతి. చెక్క చవక అనుకుంటారు, మంచి చేతితో ఏరి, స్పైన్, బరువు జతపరిచిన సిడార్ డజను మామూలు కార్బన్ డజను కంటే చవకేం కాదు. మీరే షాఫ్ట్‌లు కొని, ఏరి, రంగు వేసి, ఈకలు కట్టుకుంటేనే మిగులు, అప్పుడు మీ సమయం ఖర్చవుతుంది. పోగొట్టుకునే చోట, రాళ్లూ మొద్దులూ ఉన్న చోట సాధనకి చెక్కే నయం, విరిగితే బాధ తక్కువ.

42కీ 45కీ మధ్య ఉన్నవాళ్లు రెండు ప్రశ్నలు వేసుకోండి. వేటకు వెళ్లే ప్రతి ఉదయం బాణం వంకర చూసి సరిచేసే ఓపిక ఉందా? వేసేది 15 గజాల లోపేనా? రెండిటికీ అవునంటే డగ్లస్ ఫర్ తీసుకుని 160 గ్రెయిన్ల ములికితో కట్టుకోండి. ఏ ఒక్కదానికి తటపటాయించినా కార్బనే.

ఏది ఎంచుకున్నా ఒకే సీజన్‌లో, ఒకే విల్లుకి, అంబులపొదిలో రెండు రకాలూ కలిపి పెట్టకండి. బరువు వేరు, పడే ఎత్తు వేరు, నాక్ అల్లెతాడుని పట్టే బిగువు వేరు, షాఫ్ట్ లావు మారితే తాడు మీద నాక్ పాయింట్ కూడా కొంచెం జరపాల్సి రావచ్చు. సాధనకి చెక్క, వేటకి కార్బన్ అనుకుంటే సీజన్‌కి నెల ముందే చెక్కని పక్కన పెట్టి, వేటలో వేసే బాణాలతోనే, అదే బరువు ములుకులతోనే రోజూ సాధన చేయండి, కనీసం వారానికోసారి బ్రాడ్‌హెడ్ బిగించి కూడా.